తెరవీరుల ప్రవేశగీతములు : తూర్పు హైదరాబాదు బాల్యస్మృతులు

జనుల నోట నిలిచిన పాటకు సాహిత్యచరిత్రలో స్థానము కలదా యను ప్రశ్నకు మన విశ్వవిద్యాలయములు ఏనాడో సమాధానము చెప్పినవి. ఆచార్య బిరుదురాజు రామరాజుగారి ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ 1958లో వెలువడిన పిమ్మట ఆ విషయమున వివాదమునకు తావు లేదు. అయినను నేడు నలువది, ఏబది యేండ్ల ప్రాయమున నున్న హైదరాబాదువాసుల నోట నిలిచియున్న మరియొక పాటల తెగ ఇంకను పరిశోధకుల దృష్టికి రాలేదు. బొమ్మలచిత్రములందలి వీరులు తెరపైకి వచ్చుటకు ముందు వినవచ్చు పాటలవి. వానిని ప్రవేశగీతములని వ్యవహరింతును. కథలు మరచినవారు సైతము ఈ పాటలను మరువలేదు. దీనికి కారణమేమి? ఆ స్మృతి వలన మనకు తెలియవచ్చు చారిత్రకాంశ మెట్టిది? ఈ రెండు ప్రశ్నలను అంబరుపేట, రామంతాపురము, ఉప్పల్, నాచారము ప్రాంతముల నాధారముగా గొని పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

ఈ పాటల పుట్టుక అమెరికా దేశమున జరిగినది. 1960ల నడుమ అచ్చటి మూడు పెద్ద టెలివిజను సంస్థలు శనివారపు ఉదయమును బాలలకు ప్రత్యేకించినవి. 1966లో సి.బి.ఎస్. సంస్థ సూపర్‌మాన్, స్పేస్ ఘోస్ట్ అను వీరుల కథలను ప్రసారము చేసెను. 1967లో ఎ.బి.సి. సంస్థ స్పైడర్‌మాన్‌ను ప్రవేశపెట్టెను. ఈ చిత్రములు స్వల్పవ్యయముతో త్వరితముగా తయారగుచుండెను. గీసిన బొమ్మలనే మరల మరల వాడుకొనుట అప్పటి పద్ధతి. బొమ్మ కదలిక తగ్గినకొలది కథాభారము మాటమీదను, పాటమీదను పడినది. ప్రసిద్ధ బొమ్మలచిత్ర దర్శకుడు చక్ జోన్స్ ఇట్టి వానిని బొమ్మలు చేర్చిన రేడియో యని ఎత్తిపొడిచెను. ఆ ఎత్తిపొడుపులో మనకు పనికివచ్చు సత్యమొకటి కలదు: ఇవి కన్నులకంటె చెవులకు దగ్గరైన కళారూపములు. కావుననే బొమ్మ చెరిగిపోయినను పాట మిగిలినది.

ప్రవేశగీతము చేయు పని తెలుగువారికి క్రొత్తది కాదు. కూచిపూడి భామాకలాపమున సత్యభామ తెర వెనుక నుండి జడ చూపి, ప్రవేశదరువుతో తన్ను తాను ఎరుకపరచుకొనును. యక్షగానమునను పాత్ర రంగస్థలము నెక్కుటకు దరువే ద్వారము. పాత్ర ఎవరు, ఎట్టిది యను విషయములను దరువు తెలుపును; చెదరియున్న ప్రేక్షకులను ఒకచోటికి పిలుచును. తెరవీరుని పాటయు ఈ రెండు పనులనే చేయును. 1967 నాటి స్పైడర్‌మాన్ గీతము ఇతరులు వీరుని గూర్చి ప్రశ్నించి సమాధానము చెప్పుకొను తీరున నడచును. 1983లో వెలువడిన హీమాన్ చిత్రమున రాజకుమారుడే తన పేరును, తన రహస్యమును స్వయముగా చెప్పుకొనును. ఇది భామ పద్ధతికి మరింత సన్నిహితము. ఒకదానినుండి మరియొకటి పుట్టినదని నేననుట లేదు. పలువురు ఒక్కసారిగా చూడవలసిన ఏ ప్రదర్శనమునకైనను ఇట్టి పిలుపు అవసరమని మాత్రమే నా అభిప్రాయము.

ఆ పిలుపు తూర్పు హైదరాబాదునకు చేరిన మార్గమును ఇక చూతము. తొలుత బాలలను పిలిచినది రేడియో. ‘రేడియో అన్నయ్య’, ‘రేడియో అక్కయ్య’ యని ప్రసిద్ధులైన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల ‘బాలానందము’ తెలుగు బాలలకు తెలుగు పాటనే వినిపించినది. పిదప దూరదర్శనము వచ్చినది. హైదరాబాదు దూరదర్శన కేంద్రము 1977 అక్టోబరు 23న ప్రారంభమైనది. దాని నిలయము అంబరుపేటకును ఉప్పలునకును నడుమ రామంతాపురమున కలదు. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు సైతము అది దూరము కాదు. 1982 ఆగస్టు 15న వర్ణప్రసారములతో పాటు జాతీయ కార్యక్రమము మొదలగుటతో ఢిల్లీలో నిర్ణయమైన కార్యక్రమము ఒకే గడియలో దేశమంతట కనబడజొచ్చెను. ఈ ప్రాంతపు బాలుర విషయమున నొక విశేషము కలదు: తమ పేట ప్రక్కనున్న ప్రసారస్తంభము నుండి వచ్చు పాట తమ ఇంటి భాషలో లేదు.

అమెరికాలో శనివారమునకు గల ప్రాధాన్యము మనకు ఆదివారమున ఏర్పడినది. 1987 జనవరి 25న మొదలైన రామాయణము, 1988 అక్టోబరు 2న మొదలైన మహాభారతము ఆదివారపు ఉదయమును దేశమంతటికి కట్టుబాటు వేళగా చేసినవి. హీమాన్, స్పైడర్‌మాన్ చిత్రములు 1980లలో దూరదర్శనమున కనబడినవి. 1993లో జపానువారి ‘జంగిల్ బుక్’ హిందీలో వచ్చినది. దాని హిందీ గీతమును గుల్జార్ రచింపగా విశాల్ భరద్వాజ్ స్వరపరచెను. ఆ గీతమున వీరుని పరాక్రమవర్ణన లేదు. అడవిలో ప్రాకిన వార్తవలె మోగ్లీ యను బాలుడు పరిచితుడగును. 1997 సెప్టెంబరులో ‘శక్తిమాన్’ ప్రారంభమైనది. ఇది బొమ్మలచిత్రము కాకున్నను వీరగాథయే. మహాభారతమున భీష్ముడైన ముఖేష్ ఖన్నా ఇందు నాయకుడు. మొదట ఇది శనివారపు ఉదయమునను, మంగళవారపు సాయంకాలమునను ప్రసారమై, పిమ్మట ఆదివారమునకు మారినది. దీని పాటకు నాయకుని నామమే పల్లవి.

తెలుగు బాలురు ఈ హిందీ పాటలనెట్లు స్వీకరించిరి? ఇచ్చట ప్రాంతభేదము ముఖ్యము. అంబరుపేట, గోల్నాక వీథులలో దక్కనీ ఉర్దూ నిత్యము వినబడు భాష. నాచారము పారిశ్రామికవాడ, అచ్చటికి పలు జిల్లాలనుండియు, ఇతర రాష్ట్రములనుండియు శ్రామికులు వచ్చి స్థిరపడిరి. కావున ఇచ్చటి బాలునకు ఆ పాట బడిలోని భాషగా గాక వీథిలోని భాషగా వినబడినది. కోస్తా జిల్లాల పల్లెలలో అదే పాట చాలమందికి అర్థములేని నాదముగా చేరియుండును. ఐనను ఇరువురును పల్లవిని పాడగలిగిరి. బతుకమ్మ చుట్టు తిరుగు పిల్లకు పాటయంతయు రానక్కరలేదు. ‘ఉయ్యాలో’ యను మాట అందుకొన్న చాలును. ప్రవేశగీతపు పల్లవియు అట్టిదే. అర్థము తెలియకున్నను పాటలో చేరుటకు అది అవకాశమిచ్చినది.

ఆ కట్టుబాటు వేళ ఎక్కువకాలము నిలువలేదు. 1995లో కార్టూన్ నెట్‌వర్క్ మన దేశమునకు వచ్చినది; అదే సంవత్సరమున ఈటీవీ మొదలైనది. రోజంతయు బొమ్మలచిత్రములు లభించినపుడు పిలుపుతో పనియేమి? అమెరికాలోను ఇదే జరిగినది. 1996 నాటి ప్రభుత్వ నియమము విద్యావిషయిక కార్యక్రమములను వారమునకు మూడు గంటలు కోరుటయు, బాలలకే ప్రత్యేకించిన ప్రసారవాహినులు పెరుగుటయు శనివారపు వేళను క్షీణింపజేసినవి. 2014 సెప్టెంబరు 27న సి.డబ్ల్యు. సంస్థ తన శనివారపు బొమ్మలచిత్రముల వేళను ముగించుటతో ఆ సంప్రదాయము అచ్చట అంతరించినదని చెప్పుదురు. కావున నేటి మధ్యవయస్కులు తలపోయునది కేవలము వీరునిగూర్చి కాదు. వీథిలోని ఇండ్లన్నిట ఒకే పాట ఒకేసారి వినబడిన గడియనుగూర్చి వారు తలపోయుచున్నారు. కథ నేడును దొరకును. ఆ గడియ దొరకదు.

ఈ స్మృతిని విమర్శ లేకుండ మెచ్చుకొనుట చరిత్రకారునకు తగదు. హీమాన్ కథ మాటెల్ సంస్థవారి ఆటబొమ్మల నాధారముగా గొని వచ్చినది. ఆ పిలుపులో అంగడివాని కేకయు కలదు. మరియు స్మృతి తనకు నచ్చినదానినే దాచుకొనును. టెలివిజను లేని ఇండ్ల బాలురు పొరుగింటి గుమ్మమున నిలిచి చూచిన సంగతిని పాట చెప్పదు. అట్టి బాలురను గూడ విచారించిననే ఈ చరిత్ర సమగ్రమగును.

మరి తెలుగు మాట ఏమైనది? వీరగాథకు మన ప్రాంతమున కొరత లేదు. నాచారమున రామకృష్ణ సినీ స్టూడియోను నెలకొల్పిన నందమూరి తారక రామారావుగారు 1980లో ‘సూపర్‌మాన్’ యను తెలుగు చలనచిత్రమున నటించిరి. అందలి వీరునకు బలము హనుమంతుని వలన లభించును. బొమ్మలచిత్రములకు హైదరాబాదు పెద్ద నిలయమైనది. 2001లో రాజీవ్ చిలక ఇచ్చట స్థాపించిన గ్రీన్ గోల్డ్ సంస్థ ‘ఛోటా భీమ్’ను నిర్మించినది, అది 2008లో పోగో వాహినిలో ప్రసారమై దేశమంతట ప్రసిద్ధి కెక్కినది. 2009లో ఖుషీ టీవీయు, 2021లో ఈటీవీ బాలభారతమును తెలుగున బాలలకై వచ్చినవి. మన నగరపు వీరుడు సైతము మొదట హిందీ పాటతోనే పేరుపొందుట గమనింపదగినది. పిమ్మట వచ్చిన తెలుగు అనువాదగీతములను బాలురు విన్నారు, పాడినారు. వాని కర్తలెవరో సామాన్య ప్రేక్షకునకు తెలియదు. పరాయిభాష పాటకు కర్త పేరు నిలిచి, స్వభాష పాటకు పేరు నిలువకుండుట మన సాహిత్యచరిత్రకు లోటు.

ఈ లోటును పూరించుట కష్టసాధ్యము కాదు. జానపదగేయ సేకరణకు మన పూర్వులు ఊరూర తిరిగిరి. మనకు అంబరుపేట నుండి నాచారము వరకు నడచిన చాలును. ఎవరికి ఏ పాట, ఏ భాషలో, ఎంతవరకు జ్ఞాపకమున్నది, ఏ పదములు మారినవి, ఎవరి యింట చూచిరి యను ప్రశ్నలతో ఆ పాటలను విన్నది విన్నట్లు వ్రాసికొనవలెను. తెలుగు అనువాదగీతకర్తలను వెదకి వారి వ్రాతప్రతులను సేకరింపవలెను. మారిన పదములు సైతము విలువ గలవే. అర్థము తెలియని హిందీ పదమునకు బాలుడు కల్పించుకొన్న తెలుగు మాట అతని స్వంత రచన. బాల్యమున ఆ పాటలను విన్న తరము నేడు చెప్పగలిగిన స్థితిలో నున్నది. తెలుగు శాఖలు ఈ పనిని ఆలస్యము చేయక చేపట్టుట యుక్తము.