ఒకే పెట్టెలో దుకాణమంతా

సంచికకు ఏదైనా రాయమని సంఘం వారు అడిగినప్పుడు, ఇన్నేళ్లుగా నాకు తిండి పెట్టిన పని గురించే రాయాలనిపించింది. చిన్న వ్యాపారాల ఆఫీసుల్లో మామూలు పీసీని సర్వరుగా నిలబెట్టడం నా పని. మా 1983 బ్యాచ్ వాళ్లకే అదేమిటో సరిగా తెలియదు. పెళ్లిళ్లలో కనిపిస్తే "మా ప్రింటరు కాస్త చూడరా" అంటారు.

1981 ఆగస్టులో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు అది ఒక్క మనిషి బల్ల మీద పెట్టుకునే యంత్రం. ఆఫీసంతా కలిసి వాడుకోవాలంటే మినీ కంప్యూటరు, దానికి తగిలించిన టెర్మినళ్లు కావాలి. అవి పెద్ద సంస్థలకు తగిన బేరం. అమెరికాలో ఉటా రాష్ట్రానికి చెందిన నోవెల్ కంపెనీ 1983లో నెట్‌వేర్ తెచ్చి ఆ లెక్క మార్చింది. ఒక పీసీలో పెద్ద హార్డ్ డిస్కు పెట్టి, మిగతా పీసీలు దాని ఫైళ్లనూ ప్రింటరునూ పంచుకునేలా చేసింది. 1985లో ఇంటెల్ 386 చిప్పు వచ్చాక పీసీకి ఆ బరువు మోసే సత్తువ కూడా వచ్చింది.

గుంటూరులో పనిలో చేరాక నేను మొదట ముట్టుకున్నది ఈ నెట్‌వేరే. సర్వరు ఒక్కదానికే డిస్కు. మిగతావి డిస్కు లేని నోడ్లు, నెట్‌వర్క్ కార్డులో గుచ్చిన చిప్పుతో లేచేవి. డిస్కుల ఖరీదు మిగలడమే వాటి ఆకర్షణ. అన్నిటినీ ఒకే కోయాక్సియల్ కేబులు కలిపేది. అది 185 మీటర్లు దాటకూడదు, రెండు చివర్లా 50 ఓమ్‌ల టెర్మినేటరు ఉండాలి. ఊడ్చేటప్పుడు చీపురు తగిలి ఒక చివర ఊడిందంటే ఆఫీసంతా ఆగిపోయేది. స్కూటరు మీద పోయి బల్లల కింద పాకుతూ ఆ చివర వెతికేవాణ్ణి. అయినా నెట్‌వేర్ పెట్టె మీద నాకు గౌరవం. ఫైళ్లు, ప్రింటింగు దాని పని. మిగతా గోల దానికి పట్టదు.

1993లో మైక్రోసాఫ్ట్ విండోస్ ఎన్‌టీతో ఈ రంగంలోకి దిగింది. 1997లో స్మాల్ బిజినెస్ సర్వర్ అని ఒక కట్ట తెచ్చింది. ఎన్‌టీ 4.0, ఈమెయిలుకు ఎక్స్చేంజ్, డేటాబేసుకు ఎస్‌క్యూఎల్ సర్వర్, ఇంటర్నెట్ పంచడానికి ప్రాక్సీ, పైగా ఫ్యాక్సు, మోడెమ్ పంచుకునే సదుపాయం, అన్నీ ఒకే పీసీలో. 25 మంది వాడేవారి వరకే అనుమతి. విడివిడిగా కొనే ఖరీదుతో పోలిస్తే చవక. మన దేశంలో వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్ మొదలై అప్పటికి రెండేళ్లే. ఊళ్లో ఒక మిర్చి కమీషన్ వ్యాపారి ముచ్చటపడితే ఆరు పీసీలతో నేనే పెట్టించాను. నిజం చెప్పాలంటే కొన్నవాటిలో సగం తెరవనే లేదు. లెక్కలు మాత్రం నేను రాసిన ఫాక్స్‌ప్రో ప్రోగ్రాములోనే నడిచేవి.

1998 ఏప్రిల్, యార్డులో సరుకు పొంగుతున్న రోజులు. డిస్కు పోయింది. నెట్‌వేర్ రోజుల్లో అయితే ఫైళ్లు పోయేవి, ఫ్యాక్సు తన పాటికి తాను పనిచేసేది. ఇప్పుడు లెక్కలు, మెయిలు, ఫ్యాక్సు, ఇంటర్నెట్ అన్నీ ఒక్కసారే పోయాయి. ఏం ఫర్వాలేదు, టేపులున్నాయి అన్నాను. గుమస్తా గారు రోజూ మార్చి, తేదీ రాసి బీరువాలో పెట్టిన టేపులు. ఒక్కదానిలోనూ ఏమీ లేదు.

బ్యాకప్ రాత్రి 11 గంటలకు మొదలయ్యేలా నేను పెట్టాను. మిర్చి బస్తాల మధ్య నిప్పు భయంతో షావుకారు రాత్రి 9కే మెయిన్ కట్టేసేవారు. గుమస్తా గారు అంతకుముందే సర్వరును పద్ధతిగా ఆపేసేవారు. "ఈ టేపు తిరిగిన చప్పుడు ఎప్పుడూ వినలేదేమిటి బాబూ?" అని ఆయన నన్ను ఒకసారి అడిగారు కూడా. "అది రాత్రి తిరుగుతుందండీ" అని నవ్వి వచ్చేశాను. తీసివేత చేశాక కూడికతో సరిచూడనిదే మన లెక్కల మాస్టారు పలక కింద పెట్టనిచ్చేవారు కాదు. నేను ఒక్క టేపు నుంచి ఒక్క ఫైలయినా వెనక్కి తీసి చూడలేదు.

షావుకారు గుమస్తా గారిని తిట్టారు. ఆ రోజు నేను నోరు విప్పలేదు. మర్నాడూ విప్పలేదు. మూడో రోజు ఆయన భోజనం క్యారియరు తెరవకుండా కూర్చుని ఉంటే చూడలేక, తప్పు నాదని షావుకారుతో చెప్పాను. రైతులకిచ్చిన తక్‌పట్టీల నకళ్లు దుకాణంలో ఉన్నాయి గనక బతికాం. గుమస్తా గారు చదువుతుంటే నేను కొట్టాను. పదకొండు రోజులు పట్టింది. ఆ పనికి నేను డబ్బు అడగలేదు, ఆయన ఇవ్వనూ లేదు.

తర్వాత మూలన పడున్న ఒక 486 పీసీ మీద లైనక్స్ ఎక్కించాను. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ 1992లో మొదలుపెట్టిన సాంబా దానిలో ఉంది గనక విండోస్ యంత్రాలకు అదీ ఒక సర్వరులాగే కనిపించేది. మధ్యాహ్నం ఒంటిగంటకు, అందరూ భోజనానికి లేచినప్పుడు, లెక్కల నకలు అందులోకి పోయేలా పెట్టాను. ఆ కట్ట మాత్రం చాలా కాలం బతికింది. 2003 రకం 75 మంది దాకా ఒప్పుకునేది. 2011 రకమే ఆఖరిది, 2013తో దాని అమ్మకాలూ ఆగిపోయాయి.

గుమస్తా గారు రిటైరయ్యేదాకా రోజూ రెండింటికి ఆ పాత పీసీ దగ్గరికి పోయి, ఏదో ఒక రైతు ఖాతా తెరిచి, చేతి పుస్తకంతో సరిపోల్చి టిక్కు పెట్టేవారు. నేను చెప్పింది కాదది.