కాళేశ్వరరావు మార్కెట్

విజయవాడ వన్‌టౌన్‌లో నగరపాలక సంస్థ ఆధీనంలో ఉన్న పాత వర్తక సముదాయం. స్వాతంత్ర్య సమరయోధుడు, బెజవాడ (విజయవాడ పాత పేరు) మునిసిపల్ ఛైర్మన్‌గా పనిచేసిన అయ్యదేవర కాళేశ్వరరావు పేరు దీనికి పెట్టారు.

నందిగామలో పుట్టిన కాళేశ్వరరావు బెజవాడలో న్యాయవాదిగా స్థిరపడ్డారు. సహాయ నిరాకరణ ఉద్యమంలో ప్రాక్టీసు వదిలి జైలుకు వెళ్లారు. తెలుగువాళ్లంతా ఒకే రాష్ట్రంగా ఉండాలని విశాలాంధ్ర కోసం పట్టుబట్టి పనిచేశారు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు శాసనసభ తొలి స్పీకరు ఆయనే. ఇంతటి రాష్ట్రస్థాయి నాయకుడి పేరు ఏ రాజభవనానికో కాక కూరగాయల బేరాలు సాగేచోట నిలవడం ఊరి పనులు చూసిన మనిషికి తగిన గౌరవమే.

రైల్వేస్టేషన్‌కూ కనకదుర్గ గుడి ఉన్న ఇంద్రకీలాద్రికీ నడుమ ఉండటం ఈ మార్కెట్‌కు పెద్ద బలం. కూరగాయలు, పండ్లు, కిరాణా సరుకులు ఇక్కడ దొరుకుతాయి. చుట్టుపక్కల వీధుల్లో టోకు వ్యాపారం ఎక్కువ. మూటలు దించే ముఠా కూలీలు, సరుకు రిక్షాలు, ఆటోల మధ్య దారి చేసుకుని నడవాలి. దసరాకూ, భవానీ దీక్షల విరమణకూ వన్‌టౌన్ ఎర్రబట్టల భక్తులతో నిండిపోతుంది. పసుపు, కుంకుమ, కొబ్బరికాయల గిరాకీ అమాంతం పెరుగుతుంది. సిటీ బస్సుల బోర్డుల మీద ఈ మార్కెట్ పేరు రోజూ ఊరంతా తిరుగుతుంది.

కాళేశ్వరరావు స్పీకరు పదవిలో ఉండగానే 1962 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆయన ఆత్మకథ ‘నవ్యాంధ్రము – నా జీవిత కథ’ బెజవాడ చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారు తప్పక చదవాల్సిన పుస్తకం.