జాతీయ కళానిధి అమృతా షేర్‌గిల్ చిత్రాలు

ఇరవయ్యవ శతాబ్దపు భారతీయ చిత్రకారులలో అగ్రగణ్యురాలైన అమృతా షేర్‌గిల్ 1913 జనవరి 30న హంగేరీ రాజధాని బుడాపెస్ట్‌లో జన్మించారు. తండ్రి ఉమ్రావ్ సింగ్ షేర్‌గిల్ పంజాబుకు చెందిన సంస్కృత, పారశీక పండితులు. తల్లి మేరీ ఆంటోనెట్ హంగేరీ దేశస్థురాలు, గాయని. 1921లో ఈ కుటుంబం సిమ్లాకు తరలివచ్చింది.

పారిస్‌లో శిక్షణ

అమృత 1929లో పారిస్ చేరి, అక్కడి ప్రఖ్యాత కళాశాల ఎకోల్ దె బోజార్‌లో లూసియన్ సిమోన్ వద్ద తైలవర్ణ చిత్రకళను అభ్యసించారు. 1932లో చిత్రించిన 'యంగ్ గర్ల్స్' ఆమెకు మరుసటి సంవత్సరం పారిస్ గ్రాండ్ సలోన్‌లో స్వర్ణ పతకాన్ని, సహసభ్యత్వాన్ని సంపాదించిపెట్టింది.

స్వదేశంలో కళాసాధన

1934 చివర భారతదేశానికి తిరిగివచ్చిన ఆమె సామాన్య ప్రజల, ముఖ్యంగా గ్రామీణ స్త్రీల జీవితాన్ని తన కళకు వస్తువుగా స్వీకరించారు. 1936-37లో అజంతా, ఎల్లోరా గుహలను, హైదరాబాద్‌ను, దక్షిణాది ప్రాంతాలను సందర్శించారు. అజంతా కుడ్యచిత్రాల ప్రభావంతో 1937లో 'బ్రైడ్స్ టాయిలెట్', 'బ్రహ్మచారీస్', 'సౌత్ ఇండియన్ విలేజర్స్ గోయింగ్ టు మార్కెట్' అనే మూడు చిత్రాలు రూపుదిద్దుకున్నాయి. పాశ్చాత్య శిక్షణ, భారతీయ సంప్రదాయం వీటిలో సమన్వయం పొందాయి.

1938లో డాక్టర్ విక్టర్ ఈగన్‌ను వివాహమాడి, గోరఖ్‌పూర్ సమీపంలోని సరాయాలో నివసించారు. 1941లో లాహోర్ చేరిన ఆమె, అక్కడ తన చిత్ర ప్రదర్శనకు కొద్ది రోజుల ముందు అస్వస్థతకు గురై, డిసెంబర్ 5న 28 ఏళ్ల ప్రాయంలోనే కన్నుమూశారు.

చట్టపరమైన రక్షణ

జీవించి ఉండగా ఆమె చిత్రాలకు కొనుగోలుదారులు అరుదు. అనంతరం భర్త, కుటుంబ సభ్యులు అందజేసిన చిత్రాలు న్యూఢిల్లీలోని జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాలకు చేరాయి. పురావస్తువులు, కళానిధుల చట్టం, 1972 కింద కేంద్ర ప్రభుత్వం 1976లో ఆమె చిత్రాలను జాతీయ కళానిధులుగా ప్రకటించింది. జీవించి ఉన్న కళాకారుల కృతులకు ఈ చట్టం కింద ఇట్టి ప్రకటన వర్తించదు. ఈ గౌరవం పొందిన తొమ్మండుగురు కళాకారులలో ఆమె ఏకైక మహిళ.

ఈ కారణంగా ఆమె చిత్రాలను దేశంలో క్రయవిక్రయాలు జరుపవచ్చును గాని, ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు ఎగుమతి చేయరాదు. 2023 సెప్టెంబరులో 'ది స్టోరీ టెల్లర్' (1937) వేలంలో రూ. 61.8 కోట్లు పలికింది. నాటికి భారతీయ చిత్రానికి వేలంలో లభించిన అత్యధిక ధర అదే. ధర ఎంత పెరిగినా ఆ చిత్రాలు దేశం దాటిపోకుండా ఈ చట్టం కాపాడుతున్నది.