ఇంటర్‌స్టెల్లార్ బ్లాక్ హోల్: సినిమా కోసం తీసేసిన నిజం

ఇంటర్‌స్టెల్లార్ సినిమాలో బ్లాక్ హోల్ గుర్తుంది కదా? నల్లటి గుండ్రం, చుట్టూ బంగారు రంగు వెలుగు. "అది హండ్రెడ్ పర్సెంట్ సైన్స్" అంటారు. నేనూ ఫ్రెండ్స్‌తో వాదించాను. కానీ అది పూర్తి నిజం కాదు.

కథ 1979లో మొదలవుతుంది. ఫ్రాన్స్‌లో జాన్ పియర్ లూమినే అనే శాస్త్రవేత్త, పంచ్ కార్డులతో నడిచే ఐబీఎం 7040 మీద లెక్కలు వేశారు. మరి బొమ్మ? నల్ల ఇంకుతో చుక్క చుక్కా చేత్తోనే పెట్టారు! చుక్కలు ఒత్తుగా ఉన్నచోట వెలుగు ఎక్కువ అన్నమాట, తర్వాత దాన్ని నెగటివ్‌గా తిప్పారు. ఆ బొమ్మలో డిస్క్ ఒక పక్క ధగధగా మెరుస్తుంది, రెండో పక్క బాగా మసకగా ఉంటుంది. ఎందుకంటే వేడి వాయువు విపరీతమైన వేగంతో తిరుగుతుంటుంది. మనవైపు వచ్చే పక్క వెలుగు పెరుగుతుంది, దూరంగా పోయే పక్క తగ్గుతుంది. అంబులెన్స్ దగ్గరికొచ్చేటప్పుడు సైరన్ ఒకలా, దాటిపోయాక ఇంకోలా వినిపిస్తుంది చూడండి, దానికి చుట్టమే ఇది.

ఇక 2014. కిప్ థోర్న్ సమీకరణాలు ఇచ్చారు, డబుల్ నెగటివ్ కంపెనీలో ఆలివర్ జేమ్స్ కోడ్ రాశారు. మామూలుగా కాంతి కిరణాలను ఒక్కొక్కటిగా లెక్కిస్తారు. అలా చేస్తే ఐమ్యాక్స్ తెర మీద నక్షత్రాలు మిణుకుమిణుకుమంటాయి. అందుకని కిరణాల కట్టలనే లెక్కించారు. కోడ్ రాసేవాడిగా నాకు బాగా నచ్చిన ముక్క ఇది. సినిమా అవసరం వల్ల సైన్స్‌కి మంచి పనిముట్టు దొరికింది.

కానీ ఒక పక్క మసకగా ఉంటే ప్రేక్షకుడు తికమకపడతాడని క్రిస్టఫర్ నోలన్ ఆ తేడాని తీయించేశారు. రంగుల మార్పు కూడా పోయింది. ఇంకోటి చూడండి: కథలో అక్కడ ఒక గంట అంటే భూమ్మీద ఏడేళ్లు. దానికి బ్లాక్ హోల్ దాదాపు గరిష్ఠ వేగంతో తిరగాలి. తెర మీద బొమ్మకి మాత్రం గరిష్ఠంలో 0.6 వంతే తీసుకున్నారు. అంటే కథలోది ఒక బ్లాక్ హోల్, బొమ్మలోది ఇంకోటి!

మోసమా? నేనైతే అనను. 2015లో ఆ టీమే సైన్స్ జర్నల్‌లో పేపర్ వేసి, ఏం తీసేశారో, తీయకపోతే ఎలా ఉండేదో బొమ్మలతో సహా చూపించింది. అది చదవకుండా "హండ్రెడ్ పర్సెంట్" అన్నది మనమే.

2019 ఏప్రిల్ 10న ఎం87 బ్లాక్ హోల్ అసలు చిత్రం వచ్చింది. వలయం ఒక పక్క ఎక్కువ వెలుగుతోంది, లూమినే బొమ్మలో లాగే. ఆ నారింజ రంగు మాత్రం మనుషులు వేసిందే. టెలిస్కోపులు పట్టుకున్నవి 1.3 మిల్లీమీటర్ల రేడియో తరంగాలు. వాటికి రంగెక్కడిది?