మూలవిరాట్టు, ఉత్సవమూర్తి: కర్నూలు, కడప సీమల కళాఖండములు, వాని ప్రతుల చరిత్ర

కళాఖండమునకును దాని ప్రతికిని గల సంబంధము మనకు క్రొత్త ప్రశ్న కాదు. మన దేవాలయములలో గర్భగృహము వీడని మూలవిరాట్టు ఒకటి, వీథులలో ఊరేగు ఉత్సవమూర్తి మరియొకటి ఉండును. ఆలయమునకు రాలేని వృద్ధులకును రోగులకును ఉత్సవమూర్తి గడపకడకు వచ్చి దర్శన మొసగును. ఊరేగింపు ముగియగనే మరల ఆలయమునకే చేరును. ప్రతియొక్క ప్రయోజనమును, దాని హద్దును మన పూర్వులు ఈ ఏర్పాటులోనే సూచించి యున్నారు.

గత మూడు దశాబ్దములలో డిజిటల్ కెమెరా, కంప్యూటరు, అంతర్జాలము కళాఖండముల ప్రతులను లెక్కకు మించి పెంచినవి. ఈ మార్పు స్వరూప మెట్టిదో, దానివలన ఒనగూడినదేమో, కోల్పోవుచున్నదేమో కర్నూలు, కడప సీమల ఉదాహరణములతో పరిశీలించుట ఈ వ్యాసమున కుద్దేశ్యము. 2022 ఏప్రిల్ 4న పూర్వపు కర్నూలు జిల్లానుండి నంద్యాల జిల్లా ఏర్పడినది. ఇచట కర్నూలు సీమ యనగా ఆ పూర్వపు జిల్లా యంతయు నని గ్రహింప మనవి.

ఈ సీమ కళావశేషములను గూర్చి పాశ్చాత్యులు వ్రాసిన తొలి వ్రాతలలో కాలిన్ మెకంజీ శ్రీశైల వర్ణన ముఖ్యమైనది. అతడు 1794లో శ్రీశైలమును దర్శించెను. ఆ యాత్రావృత్తాంతము 1798లో కలకత్తానుండి వెలువడిన ‘ఏషియాటిక్ రిసెర్చెస్’ అయిదవ సంపుటమున అచ్చయినది. ప్రాకారకుడ్యముపై వరుసలు వరుసలుగా చెక్కిన ఏనుగులు, గుఱ్ఱములు, వేటదృశ్యములు, శైవగాథలు అతనిని విస్మితుని చేసినవి. అద్దమునుండి పరావర్తితమైన వెలుగులో లోపలి లింగమును చూపు పద్ధతినిగూడ అతడు పేర్కొన్నాడు. బయటి వెలుతురును లోనికి పంపి, దూరమున నున్నవానికి లోని రూపమును చూపుట యను ఈ యుక్తి మనసునందుంచుకొనదగినది. తరువాతి సాంకేతిక సాధనములన్నియు ఒక విధముగా ఆ యద్దమునకు వారసులే.

మెకంజీ కాలమున ప్రతి యనగా చేతితో గీసిన చిత్రము. అతని చిత్రకారులు గీసిన పటములు నేడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో నున్నవి. చేతిచిత్రమున నొక గుణము, ఒక దోషము కలవు. గీయువాడు శిల్పమును చాలసేపు చూడక తప్పదు. కాని చూచినదానిని తన శిక్షణకు, తన యభిరుచికి అనుగుణముగా మార్చకయు నుండలేడు. దేశీయ శిల్పము పాశ్చాత్యపు ఛాయలు దాల్చుటకు కారణ మిదియే.

రెండవ దశ శాసనముల అచ్చుప్రతులది. రాతిని శుభ్రపరచి, తడి కాగితము పఱచి, కుంచెతో మెల్లగా కొట్టి, కాగితము అక్షరముల గుంటలలోనికి దిగిన పిమ్మట మసి నద్దుదురు. గుంటలు తెల్లగాను, మిగిలిన భాగము నల్లగాను కనబడును. ఇచట మనుష్యుని అభిరుచికి చోటు తగ్గినది. రాయే తన ప్రతిని తాను వ్రాసికొన్నట్లయినది. కడప సీమలోని ఎర్రగుంట్ల మండలమందలి కలమళ్ళ శాసనమును పండితలోకము ఎఱిగినది ఈ మార్గముననే. క్రీ.శ. 575 ప్రాంతమునాటి రేనాటిచోడుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయునిదగు ఈ శాసనమును తెలుగున లభించిన తొలి శాసనముగా పరిశోధకులు ఎంచుచున్నారు. నీలకంఠశాస్త్రి, ఎం. వెంకటరామయ్యగార్లు దీనిని ‘ఎపిగ్రాఫియా ఇండికా’ 27వ సంపుటమున ప్రకటించిరి. 2008లో తెలుగునకు ప్రాచీనభాషా ప్రతిపత్తి లభించిన సందర్భమున దీని పేరు అందఱినోట వినబడినది. ఆ పేరు పలికినవారిలో కలమళ్ళకు పోయి ఆలయప్రాంగణమున ఆ రాతిని చూచినవారు ఎందఱు? మన వాఙ్మయచరిత్రకు ఆదియైన రాయి మనకు కాగితముమీది నలుపు తెలుపులుగానే పరిచితము.

అచ్చుప్రతి ఏమి వదలివేయునో కర్నూలు సీమలోని ఎర్రగుడి చక్కగా తెలుపును. భూగర్భశాస్త్రవేత్త అను ఘోష్ మూలమున 1929 ప్రాంతమున లోకమునకు తెలిసిన ఈ స్థలమున అశోకుని పదునాలుగు ప్రధాన శిలాశాసనములును, లఘుశాసనములును కలవు. అవి యొక్క శిలమీద లేవు. కొండపై గల పలు బండలమీద, వేర్వేరు దిక్కులకు అభిముఖముగా నున్నవి. లఘుశాసనమున కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికి, కొన్ని కుడినుండి ఎడమకు నడచును. దుక్కి దున్ను ఎద్దు సాలు చివర మళ్ళినట్లు వ్రాత మళ్ళినది. కాగితముమీద ఇది లిపివైచిత్ర్యము మాత్రమే. కొండనెక్కి, ఆ బండలచుట్టు తిరిగి, ఎండ ఏ వేళ ఏ ముఖముపై పడునో చూచినవానికి ఇది చక్రవర్తి వాక్యమును కొండకు అమర్చిన రచన యని తెలియును. అచ్చుప్రతి అక్షరమును రక్షించినది, స్థలమును రక్షింపలేకపోయినది.

స్థలము పోయిన యెడల కళాఖండమున కేమగునో శ్రీశైలం జలాశయము ఈ సీమవారికి నేర్పినది. 1981 నాటికి కర్నూలు, మహబూబునగరు జిల్లాలలో వందకు పైగా గ్రామములను ఖాళీ చేయించిరి. ముంపునకు గురికానున్న కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి, తుంగభద్ర కావలిగట్టున నున్న అలంపురమున తిరిగి నిలిపిరి. ముచ్చుమర్రి సమీపమందలి సప్తనదీసంగమ సంగమేశ్వరమునకు ఆ భాగ్యము కలుగలేదు. నీరు తగ్గిన నెలలలో బయటపడి, వరద రాగానే మునుగుచు, ఏటేట ఆ ఆలయము కనబడి మాయమగుచున్నది. సంవత్సరమున అధికభాగము దాని దర్శనము ఛాయాచిత్రములలోనే. జలాశయము నిండి నలువదేండ్లు దాటినది. మునిగిన పల్లెల గుడులను, రచ్చబండలను, వీరగల్లులను తీరికగా చిత్రించి యుంచుకొనలేదన్న వ్యథ ఆ కుటుంబములవారితో మాటాడినపుడెల్ల వినబడును. ప్రతి యెంతటి అల్పమైనదైనను, మూలము పోయిననాడు అదియే మూలమగునని ఇందువలన మనము నేర్వవలెను.

డిజిటల్ సాంకేతికత తెచ్చిన నిజమైన నూతనత్వము శిలాచిత్రముల విషయమున స్పష్టమగును. కడప సీమలో ముద్దనూరు సమీపమున చింతకుంట, కర్నూలు సీమలో ఓర్వకల్లు సమీపమున కేతవరము ప్రాచీన శిలాచిత్రములకు ప్రసిద్ధి కెక్కినవి. రంగునకు లోతు లేదు గనుక కాగితపు అచ్చు ఇచట పనికిరాదు. పలుచని తెరపై గీతలు దిద్దుకొనుట, రంగు ప్రకాశించుటకు బండపై నీరు చల్లుట వంటి పద్ధతులను శిలాచిత్రపరిశోధకులు పలుచోట్ల ఒకప్పుడు అవలంబించిరి. వానివలన చిత్రములకు హాని కలిగినది. 2005లో జాన్ హార్మన్ రూపొందించిన డీ-స్ట్రెచ్ అను కంప్యూటరు సాధనము ఈ స్థితిని మార్చినది. ఉపగ్రహచిత్రములను పరిశీలించుటకు పుట్టిన గణితపద్ధతి దీనికి మూలము. ఛాయాచిత్రమున ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వర్ణములు ఒకదానితో నొకటి కలిసి నడచుచుండును. ఆ సాహచర్యమును విడదీసి, మిగిలిన స్వల్పభేదములను పెద్దవి చేసినయెడల, కంటికి ఆనని జేగురు రంగు బండరంగునుండి వేఱుపడి మెఱయును.

ఈ వ్యాసకర్త విద్యార్థులతో చింతకుంటకు పోయినపుడు ఒక బండక్రింద మూపురపు ఎద్దు బొమ్మకు ప్రక్కన మసక మరకవంటి దొకటి కనబడెను. విద్యార్థిని యొకతె ఫోనులో చిత్రము తీసి ఈ సాధనముతో చూడగా, ఆ మరక నడచుచున్న మనుష్యుని రూపముగా తేలినది. బండను తాకలేదు, నీరు చల్లలేదు. అందఱము ఆశ్చర్యపడితిమి. పిమ్మట వేఱొక యాశ్చర్యము కలిగినది: ఆ క్షణమునుండి విద్యార్థులు బండను చూచుట మాని ఫోనునే చూడసాగిరి. తిరుగుప్రయాణమున ఆ ఎద్దు ఏ దిక్కునకు మొగమై యున్నదని యడుగగా ఇద్దఱు మాత్రమే చెప్పగలిగిరి.

ఈ సాధనము ఇచ్చు వర్ణములు చిత్రకారుడు వేసినవి కావు. కంప్యూటరు కల్పించిన ఊదా, పసుపు రంగులను ప్రాచీన వర్ణవిన్యాసమని వర్ణించు వ్రాతలు ఇప్పటికే కనబడుచున్నవి. ఒక చిత్రసంకలనమున, వేరొక జిల్లాకు చెందిన శిలాచిత్రము కడప జిల్లాదిగా ముద్రితమై యుండుటను, దానిని ఆధారముగా గొని విద్యార్థి యొకడు రెండు పుటలు వ్రాసి యుండుటను ఈ వ్యాసకర్త చూచినాడు. పూర్వము తప్పుడు ప్రతి ఒక గ్రంథాలయమున పడియుండెడిది. నేడది ఒక దినమున వేయిచోట్లకు ప్రాకును.

శాసనములకు, శిల్పములకుగూడ క్రొత్త పద్ధతులు వచ్చినవి. ఒకే వస్తువును పలుకోణములనుండి తీసిన ఛాయాచిత్రములను కలిపి కంప్యూటరు దాని ఘనరూపమును నిర్మించును. 2001లో హ్యూలెట్-ప్యాకర్డ్ పరిశోధనాలయమున టామ్ మాల్జ్‌బెండర్ బృందము ప్రకటించిన పద్ధతిలో, వెలుగు పడు దిక్కును తెరపైననే మార్చుకొని చూడవచ్చును. అరిగిన అక్షరములకై రాత్రివేళ దీపమును ప్రక్కగా పట్టి చదివిన మన శాసనపరిశోధకుల యుక్తికే ఇది గణితరూపము. 2023-24 కేంద్ర బడ్జెటులో, డిజిటల్ శాసనప్రదర్శనశాలలో ‘భారత్ శ్రీ’ శాసనభాండారమును నెలకొల్పి తొలిదశలో ఒక లక్ష ప్రాచీనశాసనములను డిజిటల్ రూపమునకు తెచ్చెదమని ప్రకటించిరి. ఇట్టి సంగ్రహము విద్యార్థులందఱికి అందుబాటునకు వచ్చినచో మారుమూల కళాశాలలోని విద్యార్థికి కలుగు మేలు ఇంతింత యనరాదు.

అట్లని డిజిటల్ ప్రతి చిరంజీవి యని తలంపరాదు. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ సైబరు దాడికి గుఱియైనది. దాని అంతర్జాలసంగ్రహములు మాసములతరబడి పాఠకులకు అందలేదు. మెకంజీ పటములను దాచిన భవనమునకే ఈ గతి పట్టినది. ఎండకు వానకు ఓర్చి రెండువేల రెండువందల యేండ్లకు పైగా నిలిచిన ఎర్రగుడి బండతో పోల్చిన, కంప్యూటరు పేటిక ఆయుర్దాయము మిక్కిలి స్వల్పము.

ఇంతవరకు ప్రాచీనకళను గూర్చి చెప్పితిని. జీవించియున్న కళ మాట యేమి? శిల్పకారులకు పేరొందిన ఆళ్ళగడ్డలో రహదారి ప్రక్కన నేటికిని ఉలిచప్పుడు వినబడుచున్నది. ఒక శిల్పి పనిచేయుచుండగా చూచితిని. ప్రక్కన గోడకు ఆనించిన ఫోనులో, కొనుగోలుదారు పంపిన విగ్రహపు చిత్రము కలదు. “ఇది ఏ యూరి విగ్రహమో ఎరుగను, పంపినవారును ఎరుగరు. ముందువైపు మాత్రమే ఉన్నది, వెనుకవైపు నేనే ఊహించుకొనవలెను” అని యాతడు చెప్పెను. తాళమానము నేర్చిన చేయి గనుక ఆ యూహ తప్పదు. అట్టి శిక్షణ లేక యంత్రముతోనే రాతిని కోయువారికి వెనుకవైపు ఎక్కడినుండి వచ్చును? డిజిటల్ చిత్రము శిల్పికి లోకమునంతటిని చూపినది. అదే సమయమున, ప్రాంతమునకు ప్రాంతమునకు గల శైలీభేదమును కరగించి, ఎక్కువమంది మెచ్చిన రూపమునే ఎల్లరిచేత చెక్కించుచున్నది. శైలీభేదము పోయినచో కళాచరిత్రకారునికి మిగులు ఆధారమేమి?

1936లో జర్మను విమర్శకుడు వాల్టర్ బెంజమిన్, యాంత్రికముగా ప్రతులు పెరిగినకొలది మూలకళాఖండమునకు గల దేశకాలబద్ధమైన ప్రభ క్షీణించునని వాదించెను. మన యనుభవము దీనిని సగమే సమర్థించును. శ్రీశైలమున 2020లో, మహమ్మారి కాలమున, భక్తులు దూరమునుండియే జరిపించుకొను ‘పరోక్షసేవలు’ ప్రారంభమైనవి. అయినను తలుపులు తెఱచిన పిమ్మట భక్తులు కొండయెక్కుట మానలేదు. మూలమునందు శ్రద్ధ గలచోట ప్రతి దాని ప్రభను హరింపదు, చాటును. శ్రద్ధ లేనిచోట మాత్రము ప్రతియే మూలమును మఱపించును. శ్రీశైలమునకు భక్తులు కలరు. చింతకుంట ఎద్దునకు ఎవరు కలరు?

కావున దోషము సాధనమునందు లేదు. దానిని మనము వాడు పద్ధతియందున్నది. పరిశోధకవిద్యార్థులకు మూడు నియమములు సూచించుచున్నాను. మొదటిది: ప్రతి చిత్రముతోను స్థలము, తేది, కొలత, తీసినవారి పేరు వ్రాయవలెను, మార్చిన చిత్రమును మార్చని చిత్రముతో కలిపియే ప్రకటింపవలెను. రెండవది: ఏ గ్రామమున చిత్రము తీసితిమో ఆ గ్రామపు బడికి ఒక ప్రతి అచ్చువేసి ఈయవలెను. తమ బండపై ఉన్నదేమో తెలిసిన ఊరివారే దానికి కావలి. మూడవది: తెరమీద చదివినదానిని స్థలమునకు పోయి ఒకసారియైన సరిచూడక సిద్ధాంతము చేయరాదు.

ఉత్సవమూర్తి ఎంత దూరము ఊరేగినను దోషము లేదు. తిరిగి చేరుటకు ఆలయము నిలిచి యుండవలెను. చింతకుంట బండలు, ఎర్రగుడి గుట్ట, కలమళ్ళ ఆలయప్రాంగణము మన విద్యార్థులకు ఒకనాటి ప్రయాణపు దూరములోనే యున్నవి.