గుప్పెడు బియ్యంతో నిలబడ్డ సంఘం

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కేథడ్రల్‌లో వేదనాయగం శామ్యూల్ అజరయ్యను దోర్నకల్ బిషప్పుగా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో ఒక భారతీయుడికి ఆ పదవి దక్కడం అదే మొదలు. ఒక నల్లవాడి కింద తెల్ల మిషనరీలు పనిచేయాలా అన్న అభ్యంతరం అప్పట్లో గట్టిగానే వినిపించింది. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ పట్టుబట్టబట్టే పని జరిగింది. 1945లో కన్నుమూసేదాకా, సొంత డయాసిస్ (బిషప్పు ఏలుబడిలోని ప్రాంతం) ఉన్న భారతీయ ఆంగ్లికన్ బిషప్పు ఆయనొక్కరే.

అజరయ్య తెలుగువారు కారు. 1874లో తిరునల్వేలి జిల్లాలో ఒక పల్లెటూరి పాస్టరు ఇంట పుట్టారు. చాలా ఏళ్లు వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణాదంతా తిరిగారు. 1903లో తిరునల్వేలి క్రైస్తవులు తమ కానుకలతోనే ఒక మిషనరీ సంఘం పెట్టుకోవడంలో ఆయన ముందున్నారు. ఆ సంఘం పనికి ఎంచుకున్న చోటే నైజాం ఇలాకాలోని దోర్నకల్. 1909లో గురువుగా అభిషేకం పొంది అక్కడికి వచ్చి, ముప్పై అయిదేళ్ల వయసులో తెలుగు అక్షరాలు దిద్దారు. మరుసటి ఏడు ఎడింబరో ప్రపంచ మిషనరీ మహాసభలో, మీరు మా కోసం త్యాగాలు చాలా చేశారు, ఇక స్నేహం కూడా ఇవ్వండని మిషనరీలను నిండు సభలో అడిగారు.

అయితే ఆయన అసలు పని సభల్లో కాదు, మాలపల్లెల్లో, మాదిగవాడల్లో జరిగింది. ఎడ్లబండి మీద ఊరూరా తిరిగేవారు. కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్ల చేత తమ నెత్తిమీద తామే చెయ్యి పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అన్న అర్థం వచ్చే బైబిల్లోని పౌలు మాట పలికించేవారు. ఊరు గడప తొక్కనివ్వని మనిషికి, ఇతరులకు చెప్పాల్సిన కబురు నీ దగ్గరుందని చెప్పడం చిన్న సంగతి కాదు. డయాసిస్ అంతటి బలమూ ఆ ఒక్క నమ్మకంలోనే ఉంది.

డబ్బు విషయంలోనూ అదే పట్టుదల. కూలి చేసుకునే ఇల్లాలు వంటకు బియ్యం కొలిచేటప్పుడు గుప్పెడు తీసి సంఘానికని పక్కన పెట్టేది. పంటకోత పండుగనాడు ధాన్యం, కోళ్లు, గుమ్మడికాయలు కానుకలుగా వచ్చేవి. పల్లె ఉపదేశుల్ని భార్యలతో సహా పిలిపించి చదువు చెప్పించారు. ఆయన భార్య అన్బు మరియమ్మాళ్ ఆడవాళ్ల మధ్య చేసిన సేవ తక్కువది కాదు. తాగుడు, అప్పు, రోగం, మురికి: ఈ నాలుగింటి మీదా ఆయన ప్రసంగాలు సాగేవి. ఆరాధనలో తెలుగు కీర్తనలకు పెద్దపీట వేశారు.

అన్నీ చక్కబడ్డాయని కాదు. మాల, మాదిగ సంఘస్థుల మధ్య పొరపొచ్చాలు ఆయన్ని చివరిదాకా బాధపెట్టాయి. మతమార్పిడి విషయంలో గాంధీజీతో ఆయనకు పొసగలేదు. అయినా మతాన్ని బట్టి క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇవ్వడాన్ని మాత్రం ఆయన గట్టిగా వ్యతిరేకించారు.

1939లో ప్రతిష్ఠించిన దోర్నకల్ కేథడ్రల్‌ను దగ్గరగా చూస్తే ఆయన ఆలోచన తెలుస్తుంది. పైన మసీదుల తీరు గుమ్మటాలు, మినార్లు. లోపల గుడి మండపంలో ఉన్నట్టు రాతి స్తంభాలు. ఇంగ్లండు చర్చి నమూనా తెచ్చి పెట్టలేదు.

1919లో తరంగంబాడిలో ఆంగ్లికన్, సౌత్ ఇండియా యునైటెడ్ చర్చి పాస్టర్లను ఒకచోట కూర్చోబెట్టి ఆయన మొదలుపెట్టిన ఐక్యత చర్చలు పాతికేళ్లు దాటి సాగాయి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. అప్పటికి ఆయన పోయి రెండేళ్లు దాటింది. దోర్నకల్ అందులో ఒక డయాసిస్‌గా చేరింది.