గుర్రం మీద దొర

మాది కడియం. నర్సరీల కడియం అంటే ఎవరికైనా వెంటనే తెలుస్తుంది. చిన్నప్పుడు పక్కనే ఉన్న ధవళేశ్వరం బ్యారేజీ దగ్గరికి తీసుకెళ్తే అందరూ గోదారి చూసేవారు, నేను మాత్రం కాటన్ దొర విగ్రహం కింద ఉన్న గుర్రాన్ని చూసేవాణ్ణి. ఇంజనీరుకి గుర్రమెందుకు? యుద్ధం చేసినవాళ్ళకి కదా గుర్రం ఉండాలి? జవాబు నేను కూడా ఇంజనీరింగ్ చదివాక గానీ దొరకలేదు.

ఆర్థర్ కాటన్ 1803లో ఇంగ్లండులో పుట్టాడు. 1821లో, అంటే పద్దెనిమిదేళ్ళకే, కంపెనీ సైన్యంలో ఇంజనీరుగా మద్రాసు చేరాడు. 1840లలో ఆయన గోదావరి జిల్లాకి వచ్చేసరికి మన డెల్టా ఇప్పుడు మనం చూసే కోనసీమలా లేదు. 1833 కరువు దెబ్బ, 1839లో కోరంగి తుఫాను దెబ్బ. పక్కన గోదారి పారుతుంటే జనం తిండిలేక చచ్చిపోయారు. నీళ్ళేమో ఒట్టిగా సముద్రంలోకి పోయేవి.

అప్పట్లో శాటిలైటు మ్యాపు లేదు, జీపు లేదు. డెల్టా కొలవాలంటే గుర్రమెక్కి ఊరూరా తిరగాల్సిందే. అరటిపళ్ళు తింటూ రోజులు గడిపేవాడని మా పెద్దవాళ్ళు చెప్పేవారు. నిజమో కాదో గానీ, ఆ తిరుగుడులో తేలింది మాత్రం చాలా గొప్ప విషయం. డెల్టాలో గోదారి పల్లంలో కాదు, మెరక మీద పారుతుంది! ఏళ్ళ తరబడి తెచ్చిన ఒండ్రుతో తన గట్లు తనే ఎత్తు చేసుకుంది. ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా మైలుకి సుమారు ఒక అడుగు వాలు. అంటే ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం కాస్త పెంచి కాలవల్లోకి వదిలితే చాలు, మోటార్లు లేకుండా వాటంతటవే పొలాలకి చేరతాయి. గుర్రం మీద తిరిగి కనిపెట్టిన డిజైన్ ఇదన్నమాట.

సరే, అడుగున రాయి లేదు, అంతా ఇసకే. మరి పునాది? కావేరి మీద చోళులు కట్టిన కల్లణైని చూసి, ఇసకలో కట్టడం అక్కడే నేర్చుకున్నానని కాటన్ దాచుకోకుండా చెప్పాడు. ఇప్పటి భాషలో చెప్పాలంటే పాత కోడ్ రాసినవాడికి క్రెడిట్ ఇచ్చాడు. మనలో ఎంతమందిమి ఇస్తాం?

1847లో పని మొదలై 1852కి పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు పాయల మీద నాలుగు ముక్కలుగా ఆనకట్ట. మధ్యలో కాటన్ జబ్బుపడి సెలవు మీద వెళ్తే వేరే ఆఫీసరు నడిపించాడు. కూలీలని కూడగట్టి పని చేయించిన వీణెం వీరన్న పేరు ఇప్పటికీ తక్కువ మందికే తెలుసు. రాళ్ళు మోసిన వేలమంది పేర్లయితే అసలు లేవు.

ఇక ఇంటి సంగతి. జ్వరాలతో ఒళ్ళు పాడై సెలవు మీద ఆస్ట్రేలియా వైపు వెళ్ళిన కాటన్, 1841లో అక్కడే ఎలిజబెత్ లెర్మంత్ ని పెళ్ళి చేసుకున్నాడు. మరుసటేడు టాస్మేనియాలో కూతురు పుట్టింది. తర్వాత లేడీ హోప్ అయిన ఆ అమ్మాయే 1900లో తండ్రి జీవితచరిత్ర రాసింది. డార్విన్ చివరి రోజుల్లో మళ్ళీ బైబిలు పట్టుకున్నాడని 1915లో ప్రచారమైన కథ, అదే డార్విన్ పిల్లలు కొట్టిపారేసిన కథ, చెప్పింది కూడా ఈవిడే! మన కాటన్ దొర కూతురని తెలిసినప్పుడు నేను నమ్మలేకపోయాను.

ఇక్కడే అసలు గొడవ. కాటన్ గట్టి క్రైస్తవుడు, మిషనరీలంటే అభిమానం ఉన్నవాడు. ఆనకట్ట కడుతున్నప్పుడు కూలీల మధ్య మిషనరీలు ప్రచారం చేశారు కూడా. అందుకని ఆయన్ని మతప్రచారకుడని తిట్టేవాళ్ళున్నారు. ఇంకోపక్క గోదారి ఒడ్డున సంకల్పంలో ఆయన్ని భగీరథుడిగా తలుచుకునే పురోహితులున్నారు. నాకేమనిపిస్తుందంటే, ఆయన్ని దేవుణ్ణి చేసినవాళ్ళు ఆయన నమ్మకాన్ని చెరిపేశారు, తిట్టేవాళ్ళు ఆయన పనిని చెరిపేశారు. సాటిమనిషి ఆకలితో చావడం పాపం అనే పట్టుదల ఆ నమ్మకం లోంచే వచ్చింది. అలాగని కంపెనీ పుణ్యానికి డబ్బివ్వలేదు. ఇంత పెడితే ఇంత శిస్తు పెరుగుతుందని లెక్క చూపిస్తేనే ఇచ్చింది. ఆ లెక్క కట్టడం కూడా ఆయనకి తెలుసు. ఇవన్నీ ఒకే మనిషిలో ఉన్నాయి. దీన్ని ఒప్పుకోవడానికి మనకెందుకో కష్టం.

రిటైరయ్యాక ఇంగ్లండులో డార్కింగ్ అనే ఊళ్ళో స్థిరపడ్డాడు. ముసలితనంలో నేలని లోతుగా తవ్వి గోధుమ పండించే ప్రయోగాలు చేసుకుంటూ, 1899లో తొంభయ్యారేళ్ళ వయసులో పోయాడు. గుర్రం దిగిన దొర చివరికి మట్టిలో చెయ్యి పెట్టాడు. మా కడియం నర్సరీల్లో ఏ రైతుకైనా ఆ మనిషి ఇట్టే అర్థమవుతాడు. వాళ్ళు మొక్కలకి పోసే నీళ్ళు కూడా ఆ గుర్రం తిరిగిన దారినే వస్తున్నాయి మరి.